పిట్ట ముట్టని ముద్ద

పిట్ట ముట్టడం లేదు.

మోదుగాకు విస్తరిలో అన్నం, కోడికూర, గారెలు పెట్టారు. పక్కన కల్లు ముంత. రాజమల్లుకు ఇష్టమని బీడీ కూడా ముట్టించి పెట్టారు. అది కాలి కాలి ఆరిపోయింది. పొద్దు నెత్తి మీదికి వస్తోంది. కాకులు వేపచెట్టు మీద కూర్చున్నాయి గానీ ఒక్కటీ కిందికి దిగడం లేదు.

నెల్లికుదురు శివారులో రాజమల్లుకు జామతోట ఉంది. ఆ తోట మూలనే ఆయనను దహనం చేశారు. ఇవాళ మూడో రోజు. విస్తరికి దగ్గరగా ఆయన భార్య అండాలు కూర్చుంది.

పిట్ట ముడితేనే పోయిన మనిషి తిన్నట్టు. లేకుంటే ఆకలితో అక్కడక్కడే తిరుగుతాడంటారు. దవాఖానలో ఆఖరి రోజుల్లో ఆయన గొంతులోకి గంజి చుక్క కూడా దిగలేదు. ఖాళీ కడుపుతో పోయిన మనిషి ఈ ఒక్క ముద్ద తింటే చాలని అండాలు పొద్దుటి నుంచీ మొక్కుతోంది.

ముందుగా చూసింది రాజమల్లు అక్క లచ్చమ్మ. విస్తరి పక్కన గడ్డిలో తుపాకి ఉంది.

"గిదెవడు పెట్టిండ్రా?"

"నేనే పెట్టిన," అన్నాడు ఆమె కొడుకు యుగేందర్. "మామకు గిదంటే పానం గదనే."

"కాకిని పిలుస్తున్నవా, ఎల్లగొడుతున్నవా? తీయ్ ముందు."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. యుగేందర్ తుపాకిని తీసుకుపోయి మోటరు గదిలో పెట్టి తలుపు వేశాడు.

అది పిట్టల తుపాకి. నడుము దగ్గర విరిచి, మిరియపు గింజంత సీసం చెర్ర పెట్టి, మళ్లీ మూసి కాల్చాలి. దాని దెబ్బ దూరం పోదు. చెట్టు కిందికి పిల్లిలా వెళ్లి, పిట్ట కన్ను కనబడేంత దగ్గర నుంచి కొట్టాలి. జామ దోరకు వచ్చిందంటే రామచిలుకలు, కాకులు మందలుగా దిగి కాయకో పోటు పొడిచి పోయేవి. వలలు కప్పి చూశారు. డబ్బాలు మోగించి చూశారు. చివరికి మహబూబాబాద్ పోయి ఈ తుపాకి తెచ్చారు. అప్పటి నుంచే నాలుగు కాయలు ఇంటికి దక్కాయి. పొద్దున్నే దాన్ని భుజాన వేసుకుని వాడ వెంట నడిచే మనిషికి ఊరు 'తుపాకి రాజమల్లు' అని పేరు పెట్టింది. చాయ్ హోటల్ దగ్గర, ఇయ్యాల ఎన్ని కూలగొట్టినవని అడిగితే ఆయన నవ్వి ఊరుకునేవాడు.

తుపాకి తీసేసినా కాకులు దిగలేదు.

అందరూ ఇంత వెనక్కి జరిగి కూర్చున్నారు. అయినా దిగలేదు. పోయినాయనకు ఏదో కోరిక మిగిలిందని, మాటిస్తే ముడతాడని పెద్దమనుషులు అన్నారు. కొడుకు రమేశ్ దోసిట్లో నీళ్లు పట్టుకుని విస్తరి ముందు మోకరిల్లాడు.

"బాపు, తోటను అమ్మేది లేదు. అవ్వను నా కండ్ల ముందే పెట్టుకుంట. ఇగ రా బాపు."

నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. కాకులు కదల్లేదు.

వెనక మెల్లగా మాటలు మొదలయ్యాయి. బతికినన్ని రోజులు పిట్టలను కొట్టిండు, గిప్పుడు రమ్మంటే ఎట్ల వస్తయి అన్నాడొకాయన. పిట్టల ఉసురు ఊకెనే పోతదా అన్నది ఇంకొకామె. ప్రతి మాటా అండాలు చెవిన పడుతూనే ఉంది.

"ఆయన..." అని ఏదో అనబోయింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఊకో అండాలు," అన్నది లచ్చమ్మ, ఆమె వీపు నిమురుతూ. "పోయినోని మీద ఎన్నయినా అంటరు."

అండాలు తలెత్తి వేపచెట్టు వైపు చూసింది. కింది కొమ్మ మీది కాకి గట్టిగా అరిచి పై కొమ్మకు ఎగిరింది. దాన్ని చూసి మిగతావి కూడా అరిచాయి. అండాలు కాసేపు అలాగే చూసింది. తర్వాత నేలకు చెయ్యి ఆనించి లేచింది.

"నేను పోత వదినె."

"యాడికి? పిట్ట ముట్టకముందు లేవొద్దు."

"నేనుంటే ఆయన తినడు."

అండాలు ఆయన విస్తరి వైపు ఒక్కసారి చూసి, జామచెట్ల నడుమ నుంచి నడిచి గేటు దాటింది. రోడ్డు మలుపు తిరిగింది. తోట కనబడనంత దూరంలో, కల్వర్టు గోడ మీద కూర్చుంది. ఆఖరి ముద్ద ఆయన తినేటప్పుడు తాను పక్కన లేకపోవడం ఎట్లాంటిదో ఆమెకు అక్కడ కూర్చున్నాకే తెలిసింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

తోటలో కాకుల అరుపు ఆగిపోయింది. కాసేపటికి మనుషుల కేక వినబడింది.

రమేశ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. కళ్ల నిండా నీళ్లు, మొహం నిండా వెలుగు.

"ముట్టిందే అవ్వ. నువ్వు ఇట్ల గేటు దాటినవో లేదో, అట్ల దిగినయి."

"కడుపు నిండ తిన్నడా?"

"కూరముక్క గూడ ఎత్తుకపోయింది."

అండాలు తల ఊపింది. లచ్చమ్మత్త ఏడుస్తున్నదని, పెండ్లాం కంట్లె నీళ్లు సూడలేకనే తన తమ్ముడు ఇంతసేపు రాలేదని అందరితోనూ చెబుతున్నదని రమేశ్ చెప్పాడు. ఊరంతా అదే నిజమంటున్నదట.

పిట్టను కొట్టడానికి చెయ్యి రాని రాజమల్లు ఆ తుపాకిని ఊళ్లో భుజాన మోసేవాడు గానీ, తోటలోకి వచ్చాక ఇన్నేళ్లూ గురి చూసి కాల్చింది అండాలే.