చలి మడి

బయట రోహిణి ఎండలు. కొల్లేరులో క్రాన్‌బెర్రీ మడుల మీద కప్పిన గుడారంలో మాత్రం ఏసీలతో చలికాలం నడుస్తోంది. మడికి నీళ్లు పెట్టగానే ఎర్రగా పైకి తేలే ఆ పుల్లటి కాయలు కావాలంటే తీగ ముందు చలిలో నిద్రపోవాలి. ఒంటి వేడికి మేలుకుంటుందని మనుషుల్ని లోపలికి రానివ్వరు.

కాపలా ఉండే వీరవేణి గుడారం ముందు కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. నిండు చూలాలైన కోడలు ఎండకు కళ్లు తిరిగి కూలబడింది.

"లేమ్మా, ఏదైతే అదవుద్ది" అంటూ వీరవేణి ఆమెను లోపలికి నడిపించి తీగల మీద పడుకోబెట్టింది.

వారం తర్వాత సూపర్‌వైజర్ వచ్చాడు. ఎర్రబారి నిద్రపోతున్న తీగల మధ్య మనిషి పడుకున్నంత మేర పచ్చగా చిగిర్చింది. దాని పక్కనే ఇంకో మూరెడు పచ్చదనం.

"ఎంతమందిని పడుకోబెట్టావ్ ఇక్కడ?"

"పడుకున్నప్పుడు ఒక్కత్తేనండి" అంది వీరవేణి.