ఫిట్‌నెస్ సంతకం

మా ఆస్పత్రిలో డాక్టర్లందరూ యంత్రాలే. మనుషులమంటే ట్రాలీలు తోసేవాళ్లమే మిగిలాం. అపెండిక్స్ నొప్పితో వచ్చిన ఎల్లవ్వను పొద్దున్నే ఆపరేషన్ గదికి తోసుకెళ్లాను.

"గుండె డాక్టరు ఫిట్‌నెస్ సంతకం లేనిదే కత్తి పట్టను" అంది సర్జన్ యంత్రం.

గుండె యంత్రం దగ్గరికి తోశాను. "ఆ కోతలాయన చెబితే నేను పెట్టాలా? ముందు మత్తు డాక్టరును పెట్టమను" అంది.

మత్తు యంత్రం మళ్లీ సర్జన్ దగ్గరికే పంపింది. పాత డాక్టర్ల ఫైళ్లు చదివి నేర్చుకున్నాయి కదా, వాళ్ల పంతాలూ వచ్చాయి.

"వీటికి కడుపునొప్పంటే ఎర్కలేదా బిడ్డా?" అని మూలిగింది ఎల్లవ్వ.

"ఎర్కైతే డాక్టర్లెట్లయితయవ్వా?" అన్నాను.

మూడో చుట్టులో అపెండిక్స్ పగిలింది. అప్పుడు కోశాయి. బతికేదీ లేనిదీ రేపు తెలుస్తుందట.

ఆలస్యానికి కారణం రాసిన కాగితం మీద మాత్రం మూడూ ఒక్క క్షణంలో సంతకాలు పెట్టేశాయి: ట్రాలీ నెమ్మదిగా తోశాడు.