పొద్దుటి తేనె

"రొమ్ములో గడ్డ కరిగిపోయింది పిన్నీ. కానీ మూత్రపిండాలు రెండూ పాడైపోయాయి, ఇక బాగుపడవు. మూత్రపిండాలను చెడగొట్టే ఆ నాటుమందు, బర్రజ్తమ్ వేరు గానీ తిన్నావా?" అని అడిగింది మొరాకోలోని ఫెజ్ నగరపు ఆసుపత్రి డాక్టరమ్మ.

"లేదమ్మా" అంది తూదా.

డాక్టరమ్మ వెళ్ళగానే తూదా భర్త హద్దూ మంచం పక్కన కూలబడ్డాడు.

"నువ్వు తిన్నావు. రోజూ పొద్దున నీ నోట్లో పెట్టిన తేనెలో ఆ వేరు పొడే కలిపాను. ఆసుపత్రిలో ఎక్కించే మందూ చెట్టు బెరడు నుంచి తీసిందేనట. రెండూ కలిస్తే రోగం త్వరగా పోతుందని మూలికల కొట్టువాడు చెబితే నమ్మాను. నా చేతులతో నేనే నిన్ను చంపుకున్నాను."

"మొదటి రోజే తెలిసింది నాకు. అంత చేదును ఏ తేనె దాస్తుంది? మేకలు కాసుకునేవాడివి, దాచడం నీకేం చేతనవును? ఆ వేరు జోలికి పోవద్దని డాక్టరమ్మ నాకు ముందే చెప్పింది కూడా."

హద్దూ తలెత్తి చూశాడు.

"మరి ఎందుకు తిన్నావే?"

తూదా మొహం గోడవైపు తిప్పుకుంది.

"కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఎప్పుడైనా నా నోటికి ఒక ముద్ద అందించావా? వద్దంటే అదీ మానేస్తావని భయమేసింది."