హద్దురాయి దగ్గర నూట ఎనభై

ఎనిమిదో తరగతి హిమజను ఈ జన్మలో క్షమించను. ఇప్పుడు ఊరి ఆరోగ్యమంతా బడిపిల్లల హోంవర్కు. వాళ్లు రాసిన చీటీకి తిరుగు లేదు. ఐదుతో చదువు మానేసిన నేను ఆ పిల్ల వాటాకు వచ్చాను. నా చేతికి బీపీ పట్టీ చుట్టి ఇల్లూ దొడ్డీ తిప్పింది.

"బాబాయ్, అరుగు మీద నూట ఇరవై వచ్చిందండి. హద్దురాయి దగ్గరకెళ్తే నూట ఎనభై!"

"పక్కింటి వీరేశం ఆ రాయిని నా వైపుకి జరిపాడమ్మా! రక్తం మరగదా?"

"ఆయనకీ అక్కడే చూశానండి. నూట పది. ఆ చోటు ఆయనకి పడింది, మీకు పడలేదు."

"అయితే?"

"ఆయనకి వదిలెయ్యండి. మాట్లాడకండి, కొలత పాడైపోద్ది."

చీటీ రాసేసింది. సాయంత్రానికల్లా పిల్లలు వచ్చి, రాయిని వాడు జరిపిన చోటే సిమెంటుతో బిగించారు. ఇప్పుడు నా బీపీ ఎక్కడ చూసినా నూట ఇరవై. పోయిన నేల మూడు సెంట్లా పది గజాలు.