ఎక్స్‌ఛేంజ్

"ఫోను గురించి ఎవరైనా చెప్తారు," అంటూ మేనేజరు ఆమె కాగితాలు పక్కకు నెట్టాడు. "గొడవకొచ్చినవాణ్ణి నొప్పించకుండా పంపడం వచ్చా?"

"వచ్చు సార్."

"అయితే అటు చూడు."

అద్దం తలుపు అవతల, కౌంటరు ముందు ఒకతను షాపు సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నీలం టీషర్టుల్లో ఉన్న ఇద్దరు సేల్స్‌మెన్ తలెత్తకుండా అద్దాలు తుడుస్తున్నారు.

"గంట నుంచి ఒకటే గోల. ఆ సంచి తీసుకుని, అరుపుల్లేకుండా పంపెయ్. అదే నీ ఇంటర్వ్యూ."

ఆమె లేచింది. పొద్దున చంటిదాన్ని అందుకుంటూ అక్క గుమ్మంలోనే చెప్పింది: "ఇదే ఆఖరు. ఉద్యోగం లేకుండా వచ్చావో, రేపట్నుంచి నీ పిల్లను నువ్వే చూసుకో." ఇంతకుముందు వెళ్లిన చోటల్లా కబురు చేస్తామన్నారు. ఏ కబురూ రాలేదు.

"చెప్పండి సార్, ఏమైంది?" కౌంటరు దగ్గరికెళ్లి అడిగింది.

"ఏమైందా? మూడేళ్లు! ఒక్కరోజు మొరాయించలేదు. ఇప్పుడేమో స్పీడు తగ్గిందంట!"

"ఎవరన్నారు సార్?"

"లోపల కూర్చున్నాడుగా, ఆ మహానుభావుడు."

"మూడేళ్లంటే ఎక్కువే సార్. ఏ మోడలైనా అంతే. కొత్తది వచ్చాక పాతదాన్ని పక్కన పెట్టక తప్పదు కదా."

అతను ఆమెను తేరిపార చూశాడు. "తప్పదా?"

"తప్పదు సార్."

"మరి ఇంట్లో ఏం చెప్పమంటావు?"

"మంచి కబురే చెప్పండి. ఎక్స్‌ఛేంజ్ అయింది, ఇంతకంటే మంచిది వస్తుందని."

అతను అరచేత్తో కౌంటరు చరిచాడు. ఒక డెమో ఫోను కింద పడింది. ఆమె వంగి, దాన్ని తీసి ఖాళీగా కనిపించిన స్టాండులో పెట్టింది. అతను దాన్ని తీసి పక్క స్టాండులోకి మార్చాడు.

"అన్నయ్యా," అంది ఆమె, గొంతు తగ్గించి. "ఇవాళ నాకిక్కడ ఇంటర్వ్యూ. ఆ సంచి మీరిచ్చి వెళ్తే ఉద్యోగం వస్తుంది. లేకపోతే లేదు. ఇంటి దగ్గర చంటిపిల్ల ఉంది."

అతను అద్దం తలుపు వైపు చూశాడు. మేనేజరు తల తిప్పుకున్నాడు.

"ఇంటర్వ్యూకి నా దగ్గరికే పంపాడా?"

ఆమె అవునన్నట్టు తలూపింది.

"సార్ దగ్గర్నుంచి అన్నయ్య దాకా భలే వచ్చావమ్మా," అన్నాడతను. "నువ్వు పనికొస్తావు."

సంచి ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. సేల్స్‌మెన్ ఇద్దరూ అప్పుడు తలెత్తారు.

ఆమె సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు.

"శభాష్! గంట నుంచి నావల్ల కానిది చిటికెలో తేల్చేశావు. ఉద్యోగం నీదే. ఇప్పుడే చేరిపో."

అక్కకు ఫోన్ చేయాలనిపించింది. ముందు పని చూద్దామనుకుంది.

"థాంక్యూ సార్. మరి ఈ పాత ఫోను ఎక్కడ పెట్టమంటారు?"

"ఫోనెక్కడిది?" అన్నాడు మేనేజరు. "తీసి తొడుక్కో. కాస్త వదులవుతుందేమో."

సంచిలో నీలం టీషర్టు ఉంది. మెడ దగ్గర చెమట ఇంకా ఆరలేదు.