గళ్ళు పడ్డ మొహం

“ఇంకా పెద్దది చెయ్యప్పా. వాని మొగం కనపడల్ల,” అన్నాడు ఫారెస్టు గార్డు గోవిందస్వామి, కంప్యూటరు మీదికి వంగి.

కుప్పం బస్టాండు పక్కన హేమంత్ సీడీల షాపది. గార్డు వెనకాల అంకయ్య నిలబడి ఉన్నాడు. రామకుప్పం దగ్గర వాళ్ళ ఊళ్ళో ఏనుగు కరెంటు తీగ తగిలి చచ్చి మూడు రోజులైంది. దానికి ముందురోజు ఎవరో ఏనుగులు తొక్కిన రాగిచేను చూపించాలని సెల్లులో వీడియో తీశారు. అందులో దూరంగా కంచెకు తీగ కడుతున్న మనిషి కూడా పడ్డాడు. “ఊర్లో అందరూ నీకు తెలుసు గదా, ఎవురో సెప్పుదువు రా,” అని గార్డు అంకయ్యనే వెంటబెట్టుకొచ్చాడు.

ఆ మనిషి అంకయ్యే. దొరికితే జైలు. ఇంట్లో ముసలితల్లికి అతను తప్ప దిక్కు లేదు.

హేమంత్ పెద్దది చేసేకొద్దీ మొహం గళ్ళు గళ్ళుగా విడిపోయింది.

“సెల్లులో తీసిందన్నా. అడ్డంగా నూట డెబ్బయ్యారు సుక్కలు, అంతే.”

“డీవీడీ ఫార్మాటుకు మార్సు. క్వాలిటీ వస్తాది గదా?”

“డబ్బా మారతాది, సరుకు మారదు. నీళ్ళ మజ్జిగ పెద్ద కుండలో పోస్తే పెరుగవుతాదా? ఈ మొగాన్ని కన్నతల్లి గూడా కనిపెట్టలేదు.”

అంకయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. “నాకూ ఆనవాలు తెలీలేదు సామీ,” అన్నాడు.

గార్డు లేచాడు. గడప దాకా వెళ్ళి ఆగి, తెర మీద ఇంకా ఆడుతున్న వీడియోను చూపించాడు.

“వీడు ఉన్నట్టుండి ఈ తట్టు తిరగతాండాడు యాల? ఎవురన్నా పిలిసినారా?”

“శబ్దం గూడా ఉండాదన్నా, రాలేదంతే. బొమ్మను విప్పే ప్రోగ్రాము, అదే కోడెక్, వేరే, శబ్దాన్ని విప్పేది వేరే. రెండోది ఈ కంప్యూటర్లో లేదు. ఉండండి, ఎక్కిస్తా.”

తెర మీద నీలం గీత మెల్లగా జరుగుతోంది. ఆ పొద్దు ఎవరు పిలిచారో అంకయ్యకు ఎంతకీ గుర్తు రాలేదు. పారిపోదామంటే గార్డు గడపలోనే ఉన్నాడు.

హేమంత్ స్పీకర్లు పెంచి వీడియో మొదట్నుంచి వేశాడు. గళ్ళ మనిషి తీగ కడుతూ కడుతూ ఇటు తిరిగాడు. ఓ ముసలామె గొంతు షాపంతా ఖంగున వినిపించింది:

“అంకయ్యా, సంగటి సల్లారిపోతాండాది, రా నాయినా.”