బస్సులు లేని బస్టాండు

"అమ్ముతవా, అమ్మవా? ఒక్క మాట చెప్పు సతీశ్."

కోరుట్లలో తన ఫోటో స్టూడియో షట్టర్ సగం ఎత్తి, చిన్నయ్య అడ్డంగా నిలబడ్డాడు. "మాపటికి చీరెలు కట్టించే ఫంక్షనున్నది. నా కెమెరా ఖరాబైంది."

సతీశ్ మెడలో వేలాడుతున్న కెమెరాను అరచేత్తో కప్పుకున్నాడు. "మధ్యాన్నం అచ్చి చెప్త."

"మధ్యాన్నానికి ఏం మారుతది? గోడలు తీస్తవు, నీడలు తీస్తవు. కోరుట్లల ఒక్కడన్న నీ ఫోటో చూసి మంచిగున్నదన్నడా?"

అనలేదు. అన్నవాళ్లు ఫేస్‌బుక్‌లో ఉన్నారు. జిల్లాలో సరదాగా ఫోటోలు తీసేవాళ్ల గ్రూపు అది. అక్కడ ఎవరూ తమ ముఖం పెట్టుకోరు. ఒకరిది తామరాకు, ఇంకొకరిది పాత స్కూటరు, సతీశ్ తన పేరే పెట్టుకున్నా, బొమ్మ మాత్రం వానచుక్క. చాలామంది లైకు కొట్టి పోతారు. నీలిపిట్ట బొమ్మ పెట్టుకున్న 'లకుముకి' నుంచి మాత్రం సతీశ్ ప్రతి ఫోటో కిందా నాలుగు మాటలు వస్తాయి. 'ఆ గోడ మీది నీడ ఎవరికోసమో ఆగినట్టున్నది' అని ఒకసారి వచ్చింది. 'థాంక్స్ అన్నా' అని సతీశ్ జవాబిచ్చాడు. ఆ నెలంతా అతనితో మనసు విప్పి మాట్లాడింది ఆ ఒక్కరే.

"ఇయ్యాల గ్రూపోళ్లం జగిత్యాల బస్టాండుల కలుస్తున్నం. పదకొండు మంది వస్తమన్నరు. ఒక్కరు అచ్చి నన్ను పలకరించినా కెమెరా అమ్మ. ఎవ్వరు రాకుంటే నీదే."

"సకల జనుల సమ్మె నడుస్తుంటే ఎవడస్తడు పిచ్చోడా? బస్సులే లేకపాయె!"

"లకుముకి అన్న అస్తడు."

"గదేం పేరురా! అన్ననా, పిట్టనా?" చిన్నయ్య నవ్వు బండి స్టార్టయ్యేదాకా వినిపించింది.

దారిలో రెండుచోట్ల నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తున్నారు. బండి దిగి, పక్కనుంచి తోసుకుంటూ సతీశ్ పదింటికల్లా జగిత్యాల చేరాడు.

బస్టాండులో బస్సులన్నీ వరుసగా ఆగి ఉన్నాయి. అద్దాల మీది దుమ్ములో ఎవరో వేలితో 'జై తెలంగాణ' అని రాశారు. సతీశ్ కెమెరా ఎత్తాడు.

"ఏయ్ తమ్మీ, ఆపు!" సమ్మె టెంటు కింది నుంచి ఒక డ్రైవరు లేచి వచ్చాడు. "ఎవలు నువ్వు? మొన్న ఒకడు గిట్లనే ఫోటోలు తీసి పోలీసోళ్లకిచ్చిండు."

"ఊకెనే తీస్తున్న అన్నా. చూడ మంచిగున్నదని."

"బందైన బస్సుల మంచిగేమున్నది? లోపట పెట్టు."

సతీశ్ కెమెరాను సంచిలో పెట్టాడు. జిప్పు తెగిన చోట కట్టిన ఎర్రదారాన్ని ముడివేసి, సంచిని బెంచీ కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పొడుగు బెంచీ మీద ఇంకెవరూ లేరు.

పదకొండైంది. చాయ్ అమ్మే గంగవ్వ దగ్గరికొచ్చింది.

"ఎవలకోసం కొడుకా?"

"దోస్తులకోసం."

"పేర్లేంది?"

"తెల్వదవ్వా."

"ఎట్లుంటరు?"

"అదీ తెల్వది."

గంగవ్వ అతన్ని కిందికీ మీదికీ చూసింది. "మరి దోస్తులెట్లయిండ్రు?"

మెడలో కెమెరా ఉన్న మనిషికోసం సతీశ్ గేటువైపే చూస్తున్నాడు.

"గామెకన్న చెప్పరాదు, బస్సులు లేవని. గప్పటిసంది నిలవడ్డది." గంగవ్వ బస్సుల వరుస వైపు చెయ్యి చూపింది. అక్కడ నల్లగొడుగు కింద ఒకామె నిలబడి ఉంది.

"తెలిసే ఉంటది తియ్యవ్వా." సతీశ్ మళ్లీ గేటువైపు తిరిగాడు. ముక్కూమొహం తెలియని వాళ్లతో మాట కలపడం అతనికి చేతకాదు.

ఒంటిగంటకు లేచాడు. అప్పటికి ఆ గొడుగు కూడా లేదు.

స్టూడియోలో చిన్నయ్య అడిగాడు. "ఎంతమంది అచ్చిండ్రు?"

సతీశ్ సంచి విప్పి కెమెరాను టేబుల్ మీద పెట్టాడు. చిన్నయ్య ఈసారి నవ్వలేదు. మెల్లగా కెమెరాను తీసి మెడలో వేసుకున్నాడు. "నాకు యాళ్లయితుంది. కరెంటచ్చింది, కంప్యూటర్ల నీదేమన్న ఉంటే చూస్కొని షట్టర్ గుంజి పో."

బండి చప్పుడు దూరమైంది. ఒక్కడే మిగిలిన సతీశ్, గ్రూపులోంచి తప్పుకుందామని ఫేస్‌బుక్ తెరిచాడు. నిన్న రాత్రి పెట్టిన కబురు కనిపించింది: 'సమ్మె వల్ల రేపటి కలయిక వాయిదా.' నిన్నంతా కోరుట్లలో కరెంటే లేదు, ఈ కంప్యూటరే తెరవలేదు.

దానిపైన, గంట కింద లకుముకి పెట్టిన ఫోటో ఉంది. కదలని బస్సులు, ఖాళీ బస్టాండు, పొడుగాటి బెంచీ, దాని చివర ఒకే ఒక్క మనిషి. పక్కకు తిరిగి ఉండటంతో మొహం సరిగ్గా కనిపించడం లేదు. ఫోటో పైఅంచున మసక మసకగా నల్లటి గొడుగు అంచు. లైకులు రెండు వందలు దాటాయి. సతీశ్ తన బాధ మరిచిపోయాడు. ఇంత ఒంటరితనాన్ని తను ఎన్నడూ పట్టుకోలేకపోయాడు. 'అన్నా, ఎవరీ మనిషి?' అని టైపు చేయబోయి ఆగాడు.

బెంచీ కింద సంచి ఉంది. దాని జిప్పుకు ఎర్రదారం.

కింద లకుముకి మాటలు చదివాడు:

'వాయిదా సంగతి ఇప్పుడే, జగిత్యాల నెట్ సెంటర్ల చూసిన. సతీశ్‌ను ఒక్కసారి కలుద్దామని సిరిసిల్ల నుంచి మూడు బండ్లు మారి అచ్చిన. బస్టాండుల గీయనొక్కడే ఉండె. రెండుసార్లు పలకరిద్దామనుకున్న, కదిలిస్తే ఫోటో చెడిపోతదని ఊకున్న. గీయన ఎదురుచూసిన మనిషి అచ్చిండో లేదో. సతీశ్ అయితే రాలేదు.'